చలికి మొరాయించే తాళాలు

బాలలూ! ఆదిలాబాదు ప్రాంతపు చలి సంగతి మీరు వినే వుంటారు. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ ఉత్తరం నుంచి పొడిగాలులు వీస్తాయి. ఆకాశంలో మబ్బు వుండదు కనక, పగలు నేలకు పట్టిన వేడి రాత్రి తేలికగా పైకి పోతుంది. సిర్పూరు (యు) వంటి చోట్ల కొన్ని ఏళ్ళలో చలి 5 డిగ్రీల దాకా దిగుతుంది. కరీంనగరంలో కూడా తెల్లవారుజామున దుప్పటి వదలబుద్ధి కాదు.

అలాంటి ఉదయాన ఒక్కొక్కప్పుడు కారు తాళాలు మొరాయిస్తాయి. మీట నొక్కితే నాలుగు తలుపుల తాళాలూ ఒక్కసారే ఊడాలి. కాని ఒకటి ఊడదు, లేదా ఏదీ ఊడదు. ఎండ ఎక్కేసరికి అన్నీ మామూలే! ఇదేం చిత్రం?

విద్యుత్తుతో పనిచేసే తాళాలు కొత్తవి కావు. 1914 లోనే అమెరికాలో స్క్రిప్స్-బూత్ అనే కారుకు వీటిని అమర్చారు. 1956 లో ప్యాకార్డు కార్లు మళ్ళీ వీటిని తెచ్చాక క్రమంగా వ్యాపించాయి. ఇప్పటి కార్లలో ప్రతి తలుపు లోపలా ఒక చిన్న మోటారు వుంటుంది. అది తిరిగితే పళ్ళచక్రాలు తిరుగుతాయి. అవి ఒక మీటను తోస్తాయి. ఆ మీట తాళాన్ని వేస్తుంది, తీస్తుంది.

ఈ భాగాలు అరగకుండా గ్రీజు రాస్తారు. స్పంజి నీటిని పట్టివుంచినట్టు, గ్రీజులో సబ్బువంటి పదార్థం నూనెను పట్టివుంచుతుంది. చలికాలంలో సీసాలో కొబ్బరినూనె పేరుకోవటం మీరు చూశారు కదా? పాత గ్రీజు దుమ్ము కలిసి, చలికి అలాగే బిగుసుకుంటుంది. మోటారుకు అప్పుడు ఎక్కువ బలం కావాలి.

సరిగా అప్పుడే బ్యాటరీ బలం తగ్గుతుంది! బ్యాటరీలో సీసపు పలకలకూ, గంధకామ్లానికీ మధ్య జరిగే రసాయన చర్య వల్ల విద్యుత్తు పుడుతుంది. చలిలో ఆ చర్య మందగిస్తుంది. పని పెరిగి, బలం తగ్గితే తాళం కదలదు.

లోపం ఎక్కడుందో మీరూ కనిపెట్టవచ్చు.

చేతిలోని మీటకు పలకక, కారు లోపలి మీటకు తాళాలు పలికితే, చేతిమీటలోని బిళ్ళ బ్యాటరీ నీరసించి వుండవచ్చు.

ఏ తాళమూ కదలకపోతే పెద్ద బ్యాటరీనీ, ఫ్యూజునూ చూడాలి.

ఒక్క తలుపే మొండికేస్తే, దాని దగ్గర చెవి పెట్టి వినండి. మోటారు చప్పుడు వినిపించీ తాళం కదలకపోతే, గ్రీజు బిగిసిందో, చక్రాల పళ్ళు అరిగాయో అన్నమాట. చప్పుడే లేకపోతే మోటారు చెడివుండవచ్చు, లేదా తలుపు సందులోని తీగ తెగివుండవచ్చు. తలుపు తీసినప్పుడల్లా ఆ తీగ వంగుతుంది. చలికి దాని తొడుగు గట్టిపడి చిట్లవచ్చు.

మంచు కురిసే దేశాలలో తాళంలో చేరిన తడే గడ్డకడుతుంది. మనకా బెడద లేదు. అయినా తాళం మీద వేడినీళ్ళు పొయ్యకూడదు. చల్లటి అద్దం పగలవచ్చు. తడి చేరి లోపల తుప్పు పట్టవచ్చు. పాత గ్రీజు తుడిచి కొత్తది రాయటం మెకానిక్కు పని.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటి వుంది. మోటారు పనిచెయ్యకపోయినా మనిషి బయటపడే దారి వుండాలి. చాలా కార్ల చేతిమీటలో ఒక మామూలు తాళంచెవి దాగివుంటుంది. అది ఎక్కడుందో పెద్దలను ఇవాళే అడగండి. వెనక తలుపులకు పిల్లల తాళం వేసివుంటే అవి లోపలి నుంచి తెరుచుకోవు. అప్పుడు ముందు సీటులోకి పాకి, అక్కడి పిడి లాగాలి. రాకపోతే హారను మోగిస్తూనే వుండాలి.

తల్లిదండ్రులారా, కారు ఆగివున్నప్పుడు దీన్ని పిల్లలచేత ఒకసారి చేయించండి. చలికాలంలో నేర్చిన ఈ పాఠం వేసవిలో మరీ అవసరం. రామగుండం ఎండలో మూసిన కారు నిమిషాలలో కొలిమి అవుతుంది. పిల్లలూ, ఆగివున్న కారులో ఒంటరిగా ఎన్నడూ ఆడకండి!