సభలో పేరు పిలిచే ముందు

2014 సెప్టెంబరులో చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ మన దేశానికి వచ్చినప్పుడు దూరదర్శన్ వార్తల్లో ఆయన పేరు ‘ఎలెవెన్ జిన్‌పింగ్’ అయింది. పేరు మొదట్లో ఉన్న ఎక్స్, ఐ అక్షరాలను రోమన్ అంకెగా చదివేశారు. ‘షీ’ అనడానికి నోరు తిరగనివాళ్లు మన దేశంలో ఎవరుంటారు? ముందు ఒక్కసారి సరిచూసుకుంటే ఆ తప్పు దొర్లేదే కాదు. అంతర్జాతీయ సభల్లో పేర్లు చాలావరకు ఇలాగే పాడవుతాయి. అందుకే మైకులు, కుర్చీలు సరిచూసుకునే నిర్వాహకులే పేర్లనూ సరిచూసుకోవాలంటాను. ఆ భారం అతిథి మీద వేయకూడదు.

కాగితం మీది ఇంగ్లిషు అక్షరాలను నమ్ముకుంటే లాభం లేదు. రమ, రామ అని తెలుగులో రాస్తే ఎవరు ఆడో ఎవరు మగో తెలుస్తుంది. ఇంగ్లిషులో రెండింటికీ అవే నాలుగక్షరాలు. పేరులో ఏ ముక్కతో పిలవాలన్నది మరో చిక్కు. 1961 నుంచి 1971 దాకా ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా ఉన్న బర్మా దేశస్థుడు ఊ థాంట్ పేరు థాంట్ ఒక్కటే. ‘ఊ’ మన ‘శ్రీ’ లాంటిది. అదే పదవి చేపట్టిన కొరియన్ బాన్ కీ మూన్‌కు ‘బాన్’ ఇంటిపేరు. జపాన్ ప్రభుత్వమైతే 2020 జనవరి 1 నుంచి తన ఇంగ్లిషు పత్రాల్లోనూ ఇంటిపేరే ముందు రాస్తోంది. పాములపర్తి వెంకట నరసింహారావు అని రాసుకునే మనకు ఈ వరస కొత్తేమీ కాదు. విదేశీ సభల్లో తెలుగువాళ్లను ఇంటిపేరుతో పిలుస్తుంటే ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో కూడా మనకు తెలుసు.

ఇన్ని దేశాల ఉచ్చారణ ఎవరికి సాధ్యమని అడగవచ్చు. చైనా భాషలోని స్వరాల ఎత్తుపల్లాలు మన గొంతులో పలకాలని ఆ దేశంవాళ్లూ ఆశించరు. అక్షరాలు, దీర్ఘాలు, వరస తప్పకపోతే చాలు. అదీ ఆ రోజు వేదికెక్కేవారి పేర్లకే. ఎవరి పేరును వాళ్లే ‘వెంకీ’ అని కుదించుకుంటున్నారు కదా అనే మాటా ఉంది. తాము కుదించుకుంటే అది వాళ్లిష్టం. పిలిచేవాళ్లు తమ సౌకర్యానికి కత్తిరించడం మాత్రం చులకన చేయడమే. 2020 అక్టోబరులో అమెరికాలోని జార్జియాలో ఒక సెనేటర్, మూడేళ్లకు పైగా తనతోపాటు సెనేట్‌లో ఉన్న కమలా హారిస్ పేరును సభలో నానా వంకరలు తిప్పి, ‘ఏదైతేనేం’ అన్నట్టు వదిలేశారు. తెలియక తడబడటానికీ దీనికీ చాలా తేడా ఉంది.

నమోదు పత్రంలో ‘మిమ్మల్ని ఏమని పిలవాలి?’ అని ఒక గడి పెట్టడం, ఫోన్‌లో అతిథి గొంతుతోనే పేరు చెప్పించుకోవడం పెద్ద పనులేమీ కావు. తెలుగు వ్యాఖ్యాతలు విన్నది విన్నట్టు మన లిపిలో రాసుకుంటే దీర్ఘాలు చెదరవు. అప్పటికీ తప్పు దొర్లితే అతిథినే అడిగి, సరిగ్గా మళ్లీ పలికి, కార్యక్రమం కొనసాగించవచ్చు.