రిపాట్రియేషన్ కవర్

అమెరికాలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థి చనిపోయాడన్న వార్త వెనకే, మృతదేహాన్ని ఊరికి చేర్చడానికి విరాళాల పిలుపు కూడా తరచూ వస్తుంటుంది. ఆ ఖర్చును భరించే బీమాయే రిపాట్రియేషన్ కవర్. భౌతికకాయాన్ని పాడవకుండా భద్రపరచడం, శవపేటిక, కాగితాల పని, విమానంలో కార్గో ఛార్జీలు సాధారణంగా దీని కిందికి వస్తాయి.

జే-1 (ఎక్స్ఛేంజ్) వీసాపై వెళ్లేవారికి అమెరికా ప్రభుత్వం దీన్ని తప్పనిసరి చేసింది. రిపాట్రియేషన్‌కు కనీసం 25 వేల డాలర్లు, అత్యవసర వైద్య తరలింపునకు 50 వేలు, ఒక్కో జబ్బుకు లేదా ప్రమాదానికి చికిత్స కింద లక్ష డాలర్ల కవరేజీ ఉండాలి. మన జేబులోంచి ముందు పెట్టుకోవాల్సిన డిడక్టిబుల్ 500 డాలర్లు దాటకూడదు.

మన పిల్లలు ఎక్కువగా వెళ్లేది మాత్రం ఎఫ్-1 విద్యార్థి వీసాపై. వాళ్లకు ఇలాంటి ఫెడరల్ నిబంధన లేదు. ఏ బీమా ఉండాలో యూనివర్సిటీయే చెబుతుంది. చాలాచోట్ల ప్రీమియం ఫీజు బిల్లులోనే కలిసి వస్తుంది. అదే స్థాయి పాలసీ వేరేచోట తీసుకున్నట్టు గడువులోగా చూపిస్తే కొన్ని యూనివర్సిటీలు మినహాయింపు ఇస్తాయి. అప్పుచేసి వెళ్లినవాళ్లు చౌక పాలసీ వెతకడంలో తప్పేమీ లేదు. అందులో రిపాట్రియేషన్ ఉందా, ఎంతవరకు ఉందన్నది మాత్రం కొనేముందే చూడాలి.

అసలు చిక్కు చదువు పూర్తయ్యాక వస్తుంది. ఓపీటీపై (చదువు తర్వాత కొంతకాలం పనిచేసేందుకు ఇచ్చే అనుమతి) ఉద్యోగం వెతుక్కునే నెలల్లో చాలామందికి యూనివర్సిటీ పాలసీ ముగిసిపోయి ఉంటుంది, కంపెనీ పాలసీ ఇంకా మొదలుకాదు. పాత పాలసీ చివరి తేదీ చూసుకుని, ఆ మర్నాటి నుంచే వర్తించేలా స్వల్పకాలిక పాలసీ తీసుకోవాలి.