ముసురు పట్టిన నాడు భీమిలి యాత్ర

విహారయాత్రకు తేదీని మనుషులు నిర్ణయిస్తారు. ఆనాటి వాతావరణాన్ని ప్రకృతి నిర్ణయిస్తుంది. ఈ రెండింటికీ పొత్తు కుదరని సందర్భాలు తీరప్రాంతంలో తరచుగా ఎదురవుతాయి. చందాలు పోగుచేసి, బస్సు మాట్లాడుకొని, తెల్లవారుజామునే పులిహోర పొట్లాలు కట్టుకొని సిద్ధమైన విద్యార్థి బృందానికి ఆకాశమంతా మబ్బు కమ్మి కనిపిస్తే రెండే ఆలోచనలు తోస్తాయి. ఒకటి, ప్రయాణం మానుకోవడం. రెండవది, ఏమైతే అయిందని బయలుదేరడం. వివేకవంతులు మూడవ మార్గాన్ని అనుసరిస్తారు. రాబోయే వాన ఎటువంటిదో ముందుగా తెలుసుకొని, దానికి తగినట్లు యాత్రను మలచుకొంటారు. విశాఖపట్నం నుంచి భీమునిపట్నానికి సాగే ఒక్కరోజు యాత్ర ఇందుకు చక్కని ఉదాహరణ.

వానలన్నీ ఒక్కటి కావు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడితే తీరంలో ముసురు పట్టవచ్చు. అది బలపడితే వాయుగుండమవుతుంది. గాలివేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితే తుపాను అనిపించుకొంటుంది. భారత వాతావరణ శాఖ హెచ్చరికలను రంగులతో సూచిస్తుంది. ఆకుపచ్చ ఉంటే హెచ్చరిక లేదని, పసుపు ఉంటే పరిస్థితిని గమనిస్తూ ఉండాలని, నారింజ ఉంటే ఆపదకు సిద్ధపడాలని, ఎరుపు ఉంటే తక్షణం రక్షణచర్యలు చేపట్టాలని అర్థం. నారింజ, ఎరుపు రంగులు కనిపించిన నాడు యాత్రను వాయిదా వేయడమే కర్తవ్యం. 2014 అక్టోబరు 12న విశాఖతీరాన్ని తాకిన హుద్‌హుద్ తుపాను ఆ నగరానికి గాలి బలమేమిటో చూపించింది. హెచ్చరికను లక్ష్యపెట్టకపోవడం ధైర్యం కాదు.

కేవలం చిరుజల్లులే అయితే భీమిలి నిరాశపరచదు. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల మీదుగా ప్రవహించే గోస్తనీనది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. వర్షాకాలంలో ఎర్రమట్టి కలిసిన ఏటినీరు ఉప్పునీటిని చేరే దృశ్యాన్ని దూరం నుంచే తిలకించవచ్చు. 17వ శతాబ్దంలో డచ్చివారు ఈ పట్టణాన్ని వర్తకస్థావరం చేసుకొన్నారు. 1825లో ఇది ఆంగ్లేయుల వశమైంది. నాటి డచ్చివారి సమాధులు నేటికీ ఇక్కడ ఉన్నాయి.

పట్టణానికి చేరువనున్న పావురాలకొండపై బౌద్ధారామ శిథిలాలు ఉన్నాయి. వాననీటిని నిలువచేసుకొనేందుకు ఆనాటివారు బండరాతిలో తొట్లు తొలిచారు. యాత్రికునికి అసౌకర్యమనిపించే వానే ఆ కొండపై నివసించిన భిక్షువులకు జీవనాధారం. బౌద్ధ భిక్షువులు వర్షాకాలంలో సంచారం మాని ఒకేచోట నివసించేవారు. ప్రయాణానికి కాలం అనుకూలించాలన్న ఎరుక ఎంత ప్రాచీనమైనదో దీనివల్ల తెలుస్తుంది. అయితే తడిసిన కొండమెట్లు జారుతాయి. ఉరుములు వినిపిస్తే కొండ ఎక్కరాదు. పక్కా భవనంలోకో బస్సులోకో చేరి, చివరి ఉరుము తరువాత కనీసం 30 నిమిషాలు వేచి ఉండాలి.

ఇక సముద్రం మాట. జల్లు ఆగి ఎండ పొడచూపగానే ఉత్సాహం ఉరకలు వేస్తుంది. అసలు ప్రమాదం అప్పుడే పొంచి ఉంటుంది. గాలి తగ్గినంత మాత్రాన కెరటాల ఉద్ధృతి వెంటనే తగ్గదు. ఒడ్డుకు చేరిన నీరు ఇరుకైన పాయలుగా వేగంగా లోపలికి మరలుతుంది. ఆ పాయ వద్ద కెరటాలు విరగవు కనుక నీరు ప్రశాంతంగా ఉన్నట్లు భ్రమ కలుగుతుంది. మోకాటిలోతు చాలునని దిగినవారు ఆ లాగుడుకు పట్టు తప్పుతారు. చిక్కుకొన్నవారు ప్రవాహానికి ఎదురీది అలసిపోరాదు. తీరానికి సమాంతరంగా ఈది, దాని నుంచి బయటపడ్డాక ఒడ్డుకు మరలాలి. అంతకన్న ఉత్తమమైనది, అటువంటి రోజున నీటిలో దిగకపోవడమే. మత్స్యకారులు పడవలను ఒడ్డుకు లాగి, వేట మాని, వలలు బాగుచేసుకొంటూ కూర్చున్నారంటే, అంతకుమించిన హెచ్చరిక మరొకటి అవసరం లేదు. సముద్రంతోనే బ్రతుకు ముడివడినవారు వెనుకాడిన చోట ఒక్కపూట అతిథులు ముందుకు పోరాదు.

యాత్రలో ఒక్కరి తొందరపాటు అందరి ఆనందాన్నీ హరిస్తుంది. బయలుదేరిన వారందరూ క్షేమంగా ఇల్లు చేరినప్పుడే యాత్ర సఫలమైనట్లు. తడిసిన బట్టలు మరునాటికి ఆరిపోతాయి; సముద్రస్నానం మరొకసారి చేయవచ్చు; పోయిన ప్రాణం మాత్రం తిరిగి రాదు.