ముఆవజా ఖైరాత్ కాదు, హక్కు

మిర్యాలగూడ రైసు మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు, కోదాడ పరిసరాల సిమెంటు కర్మాగారాల్లోని కాంట్రాక్టు కూలీలు, సూర్యాపేట మీదుగా లారీలు నడిపే డ్రైవర్లు, క్లీనర్లు - వీరిలో మనవాళ్లు ఎందరో ఉన్నారు. పనిలో చెయ్యి పోయినా, కాలు విరిగినా, సేఠ్ ఇచ్చిన నాలుగు డబ్బులు పుచ్చుకొని, కాగితంపై వేలిముద్ర వేసి వచ్చేవారిని మనం చూస్తూనే ఉన్నాం. 'అంతైనా ఇచ్చాడు, దయగలవాడు' అని సరిపెట్టుకుంటారు.

పరిహారాన్ని మనం ఉర్దూలో ముఆవజా అంటాం. దాని మూలం 'ఇవజ్'. అంటే పోయినదానికి బదులు. బదులు చెల్లించడం దయ ఎలా అవుతుంది?

1923 నాటి చట్టం ఈ హక్కును ఇచ్చింది. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో అది భాగమైంది. ప్రమాదం పని కారణంగా, పనిలో ఉండగా జరిగిందా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. నియామక పత్రం లేకపోయినా, నోటి మాటపై కుదిరిన పనైనా హక్కు పోదు. కాంట్రాక్టరు తప్పుకున్నా అసలు యజమాని బాధ్యుడే. 'నీ అజాగ్రత్తే కదా' అన్న ఒక్క మాటతో యజమాని తప్పించుకోలేడు. అయితే మత్తులో ఉండటం, కావాలని రక్షణ నియమాలు మీరడం వేరు. అప్పుడు మరణం లేదా శాశ్వత పూర్తి వైకల్యం కలిగితే తప్ప పరిహారం దక్కదు. ఈ.ఎస్.ఐ. ఉన్నవారికి ఆ సంస్థే చెల్లిస్తుంది.

గాయాన్ని ఎలా తూచాలి? ఒక వడ్రంగి ఎడమచెయ్యి మోచేతి పైభాగం నుంచి పోయింది. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కాబట్టి అది పూర్తి వైకల్యమేనని 1975లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

సోదరులారా! హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న కాగితం చట్టం ముందు చెల్లదు. మరణించిన కార్మికుని పరిహారం అధికారి వద్దే జమ కావాలి, పెద్దమనుషుల రాజీతో ముగిసేది కాదు. ప్రమాదం ఎక్కడ, ఎలా జరిగిందో ఆసుపత్రి చీటీలో రాయించండి. యజమానికి లిఖితంగా తెలపండి. చూసినవారి పేర్లు గుర్తుంచుకోండి. రెండేళ్లు దాటకముందే కార్మిక శాఖ అధికారికి దరఖాస్తు ఇవ్వండి. లారీ ప్రమాదం పరాయి ఊళ్లో జరిగినా, సొంత ప్రాంతంలో కోరవచ్చు.

మన బస్తీల్లో చదువుకున్న యువకులకు కొదవ లేదు. వేలిముద్ర పడకముందే ఆ కాగితం ఒక్కసారి చదివి వినిపించినా, ఒక ఇంటి పొయ్యి ఆరకుండా కాపాడినవారవుతారు.