విత్‌డ్రా అంటే ఏమిటి?

విత్‌డ్రా అనేది ఇంగ్లీషు మాట. వెనక్కి తీసుకోవడం అని దాని అర్థం. ఈ మాట మనకు రెండు చోట్ల వినిపిస్తుంది.

ఒకటి బ్యాంకు. ఖాతాలో వేసిన డబ్బు తిరిగి తీసుకోవడం విత్‌డ్రా. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో ఆడవాళ్లు 1990లలోనే రూపాయి రూపాయి కూడబెట్టి పొదుపు సంఘాలు నడిపారు. అట్లాంటి సంఘం డబ్బు తీయాలంటే లీడర్లు ఫారం మీద సంతకం పెట్టాలి. ఎంత డబ్బో అంకెల్లో రాయాలి. అక్షరాల్లో కూడా రాయాలి. ఎందుకు? 500 పక్కన ఒక సున్నా పెడితే 5,000 అవుతుంది. 'ఐదు వందలు మాత్రమే' అని రాస్తే మార్చడం కష్టం. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టొద్దు.

రెండోది పంచాయతీ ఎన్నిక. నామినేషన్ వేసిన మనిషి పోటీ నుంచి తప్పుకున్నా విత్‌డ్రా అనే అంటారు. తెలుగు కాగితంలో 'ఉపసంహరణ' అని ఉంటుంది. రెండూ ఒకటే. 1993లో అమలైన 73వ రాజ్యాంగ సవరణతో పంచాయతీల్లో ఆడవాళ్లకు మూడో వంతు సీట్లు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు సగం సీట్లు మనవే. 'సంతకమే కదా, పెట్టమ్మా' అని ఎవరైనా కాగితం తెస్తే ఆ మాట ఉందేమో వెతకండి. సంతకం పెడితే పోటీలో మీ పేరు లేకుండా పోవచ్చు.

ముందు చదవండి. తర్వాతే సంతకం.