ప్రింటరుకూ తాళం కావాలి!

హైదరాబాదులోని మాదాపూరుకు ఎప్పుడైనా వెళ్లారా? అక్కడ గుండ్రంగా కట్టిన సైబర్ టవర్స్ భవనాన్ని 1998 నవంబరులో నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు. హైటెక్ సిటీకి అదే తొలి మెట్టు. ఆ ప్రాంతంలోని ఆఫీసుల్లోకి అడుగు పెట్టాలంటే గుర్తింపు కార్డు చూపాలి. మరి కాపలావాడి కంట పడకుండా లోపలికి చొరబడే దారి ఒకటుంటే? ఆ దారి మూలన కూర్చున్న ప్రింటరే కావచ్చు!

ఆశ్చర్యంగా ఉందా? నేటి ఆఫీసు ప్రింటరు ఒక్క అచ్చుతో ఊరుకోదు. జిరాక్సు తీస్తుంది, స్కాన్ చేస్తుంది. అందుకని దానిలో ప్రాసెసరు, మెమరీ ఉంటాయి. పెద్ద యంత్రాలలో హార్డ్ డిస్కు కూడా ఉంటుంది. అంటే అదీ ఒక కంప్యూటరే అన్నమాట!

కంప్యూటరు, ప్రింటరు మాట్లాడుకోవడానికి కొన్ని నియమాలున్నాయి. వాటినే ప్రోటోకాల్ అంటారు. మాటలు వచ్చే ద్వారాన్ని పోర్టు అంటారు. ప్రతి ద్వారానికీ ఒక నంబరుంటుంది. 9100 నంబరు ద్వారం సాధారణంగా 'నీవెవరు?' అని అడగదు. వచ్చినదల్లా అచ్చు వేస్తుంది. ఆఫీసు నాలుగు గోడల మధ్య సరే, అది ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటే? 2018 నవంబరులో అదే జరిగింది. ఎక్కడో కూర్చున్న ఒక వ్యక్తి ప్రపంచమంతటా సుమారు 50,000 ప్రింటర్లకు తన ప్రకటన పంపాడు. అడగని కాగితాలు బయటికి వచ్చాయి! అవి ఒక యూట్యూబ్ చానెల్‌ను సమర్థించమన్న ప్రకటనలే. కానీ దుర్బుద్ధి గలవాడైతే ఏమయ్యేదో ఊహించండి.

మరొక ప్రమాదం దారిలో ఉంది. పోస్టుకార్డు మీద రాసింది దారిలో ఎవరైనా చదవవచ్చు. కవరులో పెట్టి అంటిస్తే చదవలేరు గదా! 631 నంబరు ద్వారాన్ని వాడే ఐపీపీ అనే ప్రోటోకాల్‌కు టీఎల్ఎస్ అటువంటి కవరు. ముందుగా ప్రింటరు తన ధ్రువపత్రం చూపుతుంది. తరువాత రెండు యంత్రాలూ కలిసి ఒక రహస్య తాళంచెవిని ఏర్పరచుకుంటాయి. ఇక దారిలో పోయేదంతా ఇతరులకు అర్థంకాని సంకేతాలే.

కవరు భద్రంగా చేరింది. అంతటితో సరా? ట్రేలో పడి ఉన్న జీతం చీటీని ఎవరైనా తీసుకోవచ్చు. అందుకే కొన్ని ఆఫీసుల్లో ఉద్యోగి వచ్చి తన కార్డు చూపితేనే కాగితం బయటికి వస్తుంది.

చివరి ప్రమాదం హార్డ్ డిస్కుది. న్యూయార్కులోని ఒక ఆరోగ్య బీమా సంస్థ అద్దెకు తెచ్చిన జిరాక్సు యంత్రాలను డిస్కులు చెరపకుండానే తిరిగి ఇచ్చేసింది. వాటిలో రోగుల వివరాలు మిగిలిపోయాయి! 2013లో ఆ సంస్థ 12 లక్షల డాలర్లకు పైగా చెల్లించవలసి వచ్చింది.

కాబట్టి ఏం చేయాలి? కంపెనీవారు పెట్టి ఇచ్చిన పాస్‌వర్డు వెంటనే మార్చాలి. అక్కరలేని ద్వారాలు మూయాలి. లోపాలు సరిదిద్దే కొత్త సాఫ్ట్‌వేరు ఎప్పటికప్పుడు ఎక్కించాలి. యంత్రాన్ని అమ్మేముందు డిస్కు పూర్తిగా చెరపాలి.

మీ ప్రశ్నపత్రాలు అచ్చయ్యేదీ ఇలాంటి యంత్రం మీదే! మీ బడి ప్రింటరు పాస్‌వర్డు మార్చారో లేదో రేపు మీ కంప్యూటరు మాస్టారుని అడిగి చూడండి.