రెండవ వారమున వాడిపోవు పసికందులు

పురుడు చల్లగా గడచి తల్లీబిడ్డలు ఇల్లు చేరుదురు. పది దినములైన పిమ్మట బిడ్డ పాలు త్రాగుట తగ్గించును, త్రాగినది కక్కివేయును, బరువు తగ్గి, ఒడలు చల్లబడి, మగతలో పడును. ఇంటివారు దిష్టి తగిలినదని తాయెత్తు కట్టింతురు. వైద్యము అందులోపలనే శిశువు కన్నుమూయును. రెండేండ్లకు అదే ఇంట మరియొక బిడ్డకు ఇట్లే జరిగినచో, వంశమునకేదో శాపమున్నదని ఊరివారు చెప్పుకొందురు. ఇట్టి మరణములకు కారణములు పెక్కు. వానిలో సకాలమున గుర్తించిన తప్పింపదగినది ఒకటి కలదు. అది అధివృక్క గ్రంథుల వంశానుగత లోపము. దానిని గూర్చి పంచాయతీ సభ్యులకు తెలుపదలచినాము.

మూత్రపిండములపై టోపీలవలె రెండు చిన్న గ్రంథులు కలవు. ఇవియే అధివృక్క గ్రంథులు. వీనినుండి వెలువడు హార్మోనులలో కార్టిసాల్ అనునది జ్వరము, గాయము మున్నగు ఆపదలలో శరీరమును నిలబెట్టును. ఆల్డోస్టిరోన్ ఒంటిలోని ఉప్పు మూత్రముగుండ పోకుండ కాపాడును. వీని తయారీకి కావలసిన ఒక ఎంజైము కొందరికి పుట్టుకతోనే లోపించును. అప్పుడు గ్రంథులు ఉబ్బునేగాని కార్టిసాల్ చాలినంత రాదు; పురుష హార్మోనులు మాత్రము మితిమీరి ఊరును. కాలువలో ఒక తూము పూడిపోయిన నీరు ప్రక్క మడిలోనికి పొర్లినట్లే యిది.

ఇందువలన ఆడశిశువు జననాంగములు మగశిశువునకున్నట్లు కనబడవచ్చును. లోపల గర్భాశయము, అండాశయములు యథావిధిగనే యుండును. మగశిశువునందు బయటికి ఏ గుర్తును కానరాకపోవచ్చును. కావుననే వ్యాధి కనుగొనబడక మగబిడ్డలు మరణించు ప్రమాదము హెచ్చు. ఉప్పు నష్టపోవు రకములో, పుట్టిన మొదటి మూడు వారములలో, తరచుగా రెండవ వారమున, ప్రాణాపాయము కలుగును.

ఈ లోపము తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటిగా రెండు జన్యువులు చేరినప్పుడే వ్యాధియగును. తలిదండ్రులు ఆరోగ్యవంతులుగనే యుందురు. ఇట్టి దంపతులకు ప్రతి కాన్పునందును వ్యాధి వచ్చు అవకాశము నాలుగింట ఒకటి. కోడలిని నిందించుట అన్యాయము. మన సీమలో వాడుకగా నున్న మేనరికములలో ఒకే లోపము ఇరువైపులనుండి కలియు అవకాశము హెచ్చు. అయినను బయటి సంబంధములందును ఇది రావచ్చును.

ఇది మరీ అరుదైనదని ఉపేక్షింపరాదు. హైదరాబాదులోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి వైద్యశాలలలో 18,300 శిశువులను పరీక్షించి, 2,575 మందికి ఒకరి చొప్పున ఈ వ్యాధి కలదని 2004లో ప్రకటించిరి. భారత వైద్య పరిశోధన మండలి అయిదు నగరములలో లక్షకు పైగా శిశువులను పరీక్షించగా 5,762 మందికి ఒకరని తేలినది. మనకు చేరువనున్న చెన్నైలో 2,036 మందికి ఒకరు. మడమనుండి తీసిన నెత్తురు చుక్కతోనే ఈ పరీక్ష జరుగును.

చికిత్స కలదు. 1950లో అమెరికాలో డాక్టరు లాసన్ విల్కిన్స్ కార్టిసోన్ ఈ వ్యాధికి పనిచేయునని నిరూపించెను. నేడు హైడ్రోకార్టిసోన్ మాత్రలు, ఉప్పు నష్టపోవువారికి ఫ్లూడ్రోకార్టిసోన్ వాడుదురు. ఇవి జీవితాంతము కావలెను. బిడ్డ బాగున్నదికదా యని మానిన ప్రాణమునకే ముప్పు.

మందు చాలనిచో పిల్లలు తోటివారికంటె వేగముగా ఎదిగి, చిన్నవయసుననే యుక్తవయస్సు లక్షణములు పొంది, ఎముకలు ముందుగా ముదిరి, తుదకు పొట్టిగా మిగులుదురు. స్త్రీలకు ఋతుక్రమము తప్పును; పురుషులకును సంతానము కలుగుటలో చిక్కులు రావచ్చును. మందు మితిమీరినచో ఊబకాయము, రక్తపు పోటు, ఎముకల బలహీనత కలుగును. అందుచేత ఎత్తు, బరువు, రక్తము తరచు పరీక్షింపవలెను. మందు సరిగా వాడినవారు చదువుకొని, పనిపాటులు చేసికొని, సంసారము నడుపుకొనగలరు.

జ్వరము వచ్చినపుడు మాత్రల మోతాదును వైద్యుడు వ్రాసియిచ్చిన ప్రకారము రెండు మూడింతలు చేయవలెను. వాంతులై మాత్ర నిలువనిచో ఆలస్యము లేక హైడ్రోకార్టిసోన్ ఇంజక్షను ఇప్పింపవలెను. తిరుపతిలో 1993లో ఆరంభమైన శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో హార్మోనుల వ్యాధుల విభాగము కలదు. కాని కుప్పము, పలమనేరు పల్లెలనుండి అచ్చటికి చేరులోపల ప్రాణము పోవచ్చును. కాబట్టి మొదటి ఇంజక్షను దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రముననే లభింపవలెను.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు నాలుగు. మొదటిది: వైద్యశాలలో పుట్టిన శిశువును ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో చూడవలెను, ఆమె త్రాసుతో వచ్చి బరువు తూచుచున్నదా యని విచారించుడు. రెండు వారములు నిండినను పుట్టిననాటి బరువునకు చేరక, వాంతులు చేసికొను బిడ్డను నాడే వైద్యశాలకు పంపుడు. రెండవది: ఏ ఇంటనైనను పసిబిడ్డ ఇట్లు మరణించియున్నచో, తరువాతి కాన్పునకు ముందే ఆ సంగతి వైద్యునికి తెలుపజేయుడు. మూడవది: వ్యాధిగల బిడ్డ యున్నచో, పాఠశాలకును ఆరోగ్య కేంద్రమునకును వ్యాధి పేరు, మందుల వివరము గల చీటీ తలిదండ్రులచే ఇప్పించి, కేంద్రమున ఇంజక్షను నిలువ యుండునట్లు చూడుడు. నాలుగవది: బిడ్డ ఆడయా, మగయా యని రచ్చబండకడ మాటలాడనీయకుడు. ఆ విషయము నిర్ణయించుటకు పరీక్షలు కలవు. అది వైద్యులకును తలిదండ్రులకును సంబంధించినది.

వీనిలో ఏ పనికిని పంచాయతీ నిధులు పెద్దగా అక్కరలేదు. పదునాలుగవ దినమున ఒక త్రాసు, దానిని చదువగల ఒక కన్ను చాలును.